ఇసుకలో వదిలిన ఎనిమిది గళ్ళు

మా వియ్యపురాలు పోయిందన్న కబురు ఉదయం ఏడూ నలభైకి వచ్చింది. భావనపాడు నుంచి ఆమె కొడుకు ఫోన్ చేశాడు. తెల్లవారాక ఒడ్డుకొచ్చిన పడవ దగ్గరికి వెళ్ళి, చేపలు వేరు చేసి, ఎండబెట్టాల్సినవి ఇసుక మీద పాత వల పరిచి ఆరబోసి, ఖాళీ తట్ట బోర్లించి దానికి చేరబడి కూర్చుందట. చిన్న కునుకు తీస్తోందని పక్కవాళ్ళు అనుకున్నారట. కాకులు వచ్చి చేపల మీద వాలుతున్నా ఆమె అదిలించకపోయేసరికి అనుమానం వచ్చిందట. ఆమె ఉండగా కాకి వాలడమన్నది ఆ ఒడ్డున ఎవరూ ఎరగరు.

ఫోన్ పెట్టేశాక గడియారం వైపు చూశాను. ముప్పై నాలుగేళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. ఏది జరిగినా ఎప్పుడు, ఎంత, ఎన్ని అన్నవి ముందు రాసుకుంటాను. ఈ అలవాటు గురించి ఆమెకు ఒక అభిప్రాయం ఉండేది. నేను దేవుడికి దండం పెట్టుకున్నా ఎన్ని పెట్టానో చెప్పగలనని కూతురితో అందట. ఆ కూతురే, అంటే మా కోడలే, నవ్వుతూ నాకు ఆ మాట చేరవేసింది. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆమె గురించి రాద్దామని కూర్చుంటే నా దగ్గర ఉన్నవన్నీ లెక్కలే.

మాది నెల్లిమర్ల పక్క పల్లె, ఇప్పుడు ఉండేది విజయనగరంలో. వరీ చోళ్ళూ పండించుకునే ఇల్లు. వాళ్ళది సముద్రం మీద బతికే ఇల్లు. ఎచ్చెర్లలో యూనివర్సిటీ చదువుల రోజుల్లో మా అబ్బాయీ వాళ్ళమ్మాయీ ఇష్టపడ్డారు. నేను ఒప్పుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఒప్పుకున్నాక కూడా పూర్తిగా ఒప్పుకోలేదు. పెళ్ళయిన మొదటి మూడేళ్ళలో ఆమెతో నేను మాట్లాడిన మాటలన్నీ రాస్తే ఒక పేజీ నిండదు. వియ్యపురాళ్ళు ఒకరినొకరు వదినా అనుకోవడం మా వైపు మామూలు. ఆమె నన్ను పంతులమ్మగారూ అనేది. నేను ఆమెను ఏమీ అనేదాన్ని కాదు. 'ఏమండీ' అన్న మాటతో మూడేళ్ళు గడిపేశాను.

2016లో కోడలు మళ్ళీ నీళ్ళు పోసుకుంది. మళ్ళీ అని ఎందుకంటున్నానంటే, అంతకుముందు ఒకసారి అయిదో నెలలో నిలవలేదు. ఈసారి ఇరవై ఒకటో వారంలోనే డాక్టరమ్మ గర్భసంచి మూతికి కుట్టు వేసి, ముప్పై ఏడో వారం వచ్చేదాకా మంచం దిగకూడదని చెప్పింది. అవసరాలకు తప్ప లేవకూడదు, పది నిమిషాలకు మించి కూర్చోకూడదు. నేను కొత్త నోటుపుస్తకం తీసి గళ్ళు గీశాను. పదహారు వారాలు, నూట పన్నెండు గళ్ళు. రోజుకొకటి కొట్టేస్తూ పోవాలి.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ పిల్లను విజయనగరం నుంచి కదిలించడానికి వీల్లేదు. అందుకని పుట్టిల్లే మా ఇంటికి వచ్చింది. ఆటోలోంచి ఒక రేకుపెట్టె, ఒక బియ్యం మూట, కిరసనాయిలు స్టవ్వు, రెండు గిన్నెలు, గుడ్డలో కట్టిన ఎండుచేపలు దిగాయి. చివర ఆమె దిగింది. బియ్యం మూట చూసి నా మొహం మాడింది. మా ఇంట్లో బియ్యం లేవనుకుందా అని.

ఆ సాయంత్రమే ఆమె నన్ను ఒక మాట అడిగింది.

"మీ జాగా ఎక్కడి వరకు ఉన్నాదండి?"

వచ్చి నాలుగు గంటలు కాలేదు, అప్పుడే ఆస్తి ఆరా తీస్తోందనుకున్నాను. తీయనీ, మనకు దాపరికం ఏముంది అని బీరువాలోంచి దస్తావేజు తెచ్చి, దాని వెనకున్న ప్లానుతో సహా చూపించాను. ఇదిగో ఈ గేటు స్తంభం వరకు మాది. దాని అవతల మురుగుకాలవ మీద పరిచిన రెండడుగుల రాతిపలక మాది కాదు, మునిసిపాలిటీది. ఆమె చాలా శ్రద్ధగా చూసి, స్తంభం మీద చెయ్యి వేసి మరీ గుర్తు పెట్టుకుంది. సంతోషమండి అంది.

మర్నాడు మధ్యాహ్నం పెరట్లో తన స్టవ్వు మీద వండుకుని, పళ్ళెంలో పెట్టుకుని, హాల్లోంచి నా ఎదురుగానే నడిచి, గేటు తీసుకుని వెళ్ళి ఆ రాతిపలక మీద కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టింది. వీపు మా గేటుకు, మొహం వీధికి.

నేను తిన్నగా కోడలి గదిలోకి వెళ్ళాను. కోడలు మంచం మీద నుంచి సంగతి చెప్పింది. వాళ్ళ ఇళ్ళలో బిడ్డ పుట్టేదాకా తల్లి కూతురింట మెతుకు ముట్టదు. వాళ్ళ అమ్మమ్మ ముట్టలేదు, ఈమె ముట్టదు. పెరట్లో వండుకోవడం వరకు పరవాలేదట. తినడం మాత్రం మా హద్దు దాటాలి. ఆ హద్దు ఎక్కడో అంగుళాలతో సహా చూపించినదాన్ని నేనే.

మా ఎదురింటావిడ ఏమిటండీ ఇది అని అడిగింది. అది వాళ్ళ ఆచారమండీ అన్నాను. నిజమే కదా. కానీ ఆ ఆచారం నాకు ఎంత వీలుగా ఉందో ఎదురింటావిడకు చెప్పలేదు. ఎండుచేపల గిన్నె నా వంటింటి గడప తొక్కనక్కరలేదు. ఆమె పక్కన పీట వేసుకుని నేను కూర్చోనక్కరలేదు. నిజం చెబుతూనే తప్పించుకోవచ్చని అప్పుడే తెలిసింది నాకు.

ఇక మేము కంప్యూటర్లో కట్టిన ఊరి సంగతి.

కోడలు లేఅవుట్లు గీసే ఆఫీసులో పనిచేస్తుంది. మంచంలో పడి ఉండి గోడ చూడలేక, మంచం పక్క బల్ల మీద కంప్యూటర్ పెట్టించుకుని ఊరు కట్టే ఆట ఒకటి మొదలుపెట్టింది. ఖాళీ నేల ఇస్తారు. పక్కన సముద్రం, దాన్లో కలిసే ఒక ఏరు. నేలంతా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. మనం రోడ్లు వేసి, నీళ్ళూ కరెంటూ ఇచ్చి, ఇక్కడ ఇళ్ళు, అక్కడ కొట్లు, ఆ మూల ఫ్యాక్టరీలు అని గళ్ళకు రంగు పూస్తే, జనం తమంతట తామే వచ్చి కట్టుకుంటారు. బాగోలేకపోతే సామాను సర్దుకుని వెళ్ళిపోతారు. పక్కకు తిరిగి పడుకుని మౌస్ పట్టుకోవడం ఆ పిల్లకు కష్టంగా ఉందని మూడో రోజున నేను పట్టుకున్నాను. రిటైరయ్యే ముందు మార్కులన్నీ కంప్యూటర్లోనే ఎక్కించేదాన్ని కాబట్టి చెయ్యి తిరిగింది. పనికిమాలిన ఆట అని మొదట అనుకున్న మాట నిజం. ఆ ఊరికి జమాఖర్చుల పేజీ ఒకటి ఉందని చూశాక అలా అనుకోవడం మానేశాను.

మొదలుపెట్టడానికి ఊరికి పేరు అడుగుతుంది. నాకు రెండు మూడు మంచి పేర్లు తోచాయి. ఆమె కూతురి కాళ్ళ దగ్గర కూర్చుని అరికాళ్ళు రాస్తోంది. తల ఎత్తకుండా అంది.

"పేరు ఇప్పుడెట్టకండి. నిలిసినాక ఎడదాం."

కోడలు చెయ్యి చాచి పేరు గడిలో ఒక చుక్క పెట్టింది. ఆట దానికి ఒప్పుకుంది. మా ఊరి పేరు చుక్క.

నేను ఊరు కట్టిన తీరు నాకు తెలిసిన తీరు. మెట్ట పల్లెలో పుట్టినదాన్ని. గట్టు వార కూడా కంది గింజ వేసే ఇంట్లో పెరిగినదాన్ని. జానెడు నేల ఖాళీగా ఉంటే ప్రాణం ఒప్పదు. నీటి అంచు వరకు రోడ్డు వేసి, రోడ్డుకు రెండు వైపులా ఒక్క గడి వదలకుండా ఇళ్ళు నింపాను. సముద్రం కనిపించే ఇళ్ళకు గిరాకీ ఎక్కువ కాబట్టి జనం విరగబడ్డారు. వారం రోజులు ఆమె ఏమీ అనలేదు. ఎనిమిదో రోజున అడిగింది, పడవలు ఎక్కడ పెడతారని. ఈ ఆటలో పడవలు లేవు, తరవాత ఓడరేవు కట్టుకోవచ్చు అన్నాను.

"మరి పడవలు నేని సముద్రం ఒడ్డున ఇంతమంది ఏటి సేస్తన్నారండి?"

ఉద్యోగాలు చేస్తున్నారన్నాను.

"ఉజ్జోగాలకి సముద్రమెందుకు? అవి నెల్లిమర్లలోన దొరకవేటి?"

కోడలు పకపకా నవ్వింది. పొట్ట కదిలేలా నవ్వింది. నవ్వకు, అని ఆమే నేనూ ఒక్కసారే అరిచాం. మేమిద్దరం ఏకమై అన్న మొదటి మాట అదే.

తరవాత ఆమె లేచి వచ్చి తెర మీద వేలితో కొలిచింది. ఒక పడవ లాగి పెట్టడానికి మూడు గళ్ళు. వల పరిచి చూసుకోవడానికి మూడు. తట్టలెత్తుకున్న ఆడవాళ్ళు ఎవరినీ తొక్కకుండా నడవడానికి రెండు. మొత్తం ఎనిమిది గళ్ళు, ఒడ్డు పొడుగునా, ఇసుక ఇసుకగానే ఉండాలి. నేను కూడిక సరి చూశాను. సరిగ్గానే ఉంది. కానీ అంత మంచి నేల ఖాళీగా వదలడానికి చేతులు రాలేదు. రెండు రోజులు బిగదీసుకు కూర్చున్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. తెర మీద ఆమె వేలి జిడ్డు మాత్రం ఎనిమిది గళ్ళ పొడుగున అలాగే ఉండిపోయింది. తుడుద్దామని గుడ్డ తీసి, తుడవలేక, మూడో రోజున ఇళ్ళు పడగొట్టడానికి ఒప్పుకున్నాను. నలభై ఒకటి ఉన్నాయి. మీట నొక్కబోతుంటే చెయ్యి పట్టుకుంది. ఆ ఇళ్ళలో వాళ్ళు ఎక్కడికెళతారని. ఆట చూసుకుంటుందిలెండి అన్నాను. ఆమెకు ఆ జవాబు నచ్చలేదు. ముందు వెనకాల వీధి వేయించింది, దానికి నీళ్ళు ఇప్పించింది, ఆ తరవాతే కూల్చనిచ్చింది.

మరో వారానికి ఊళ్ళో జబ్బులు మొదలయ్యాయి. ఇంటింటి మీదా ఎర్ర గుర్తు. నేను ఆసుపత్రి కట్టాను. తగ్గలేదు. రెండోది కట్టాను, మూడోది కట్టాను. జమాఖర్చుల పేజీ ఎర్రబడిపోయింది. ఆమె మధ్యాహ్నం గేటు దగ్గర తిని వచ్చి, చేతులు తుడుచుకుంటూ, నీళ్ళ మీద కనిపిస్తున్న చిన్న చిన్న బాణాలేమిటని అడిగింది. ఏటి నీళ్ళు ఎటు పారుతున్నాయో చూపేవి అన్నాను. ఆమె ఒక్క చూపు చూసింది.

"మురుగు పైన ఒగ్గి, తాగే నీరు దిగువున తోడతన్నారు. జొరాలు రాక ఏటొస్తాయండి?"

ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. గొట్టాలు నీళ్ళ తొట్టిని ఎంతసేపట్లో నింపుతాయో ఎన్ని వందల మంది పిల్లల చేత లెక్క కట్టించానో. నీరు ఎటు పారుతోందో ఒక్కసారైనా చూడాలని తోచలేదు. పంపు పైకి మార్చాను. తెల్లారేసరికి ఎర్ర గుర్తులు పోయాయి. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ మనోళ్ళకు జ్వరాలు తగ్గాయా అని అడగడం ఆమెకు అలవాటైంది. మనోళ్ళు అనేది. నేను జనం ఎంతో లెక్క చెప్పేదాన్ని.

ఆ బాణాలతో ఆమెకు ఇంకో పేచీ కూడా ఉండేది. సముద్రంలో కూడా బాణాలు ఎప్పుడూ ఒకవైపే పోతుంటాయి. నిజం సముద్రం అలా ఉండదట. కొన్నాళ్ళు ఉత్తరానికి లాగుతుంది, కొన్నాళ్ళు దక్షిణానికి. ఈ ఆటలో ఏడాది పొడుగునా ఒకవైపేనని చెబితే, అయితే అది సముద్రం కాదు కాలవ అని తేల్చేసింది. ఆ తరవాత ఎప్పుడూ దాన్ని కాలవ అనే అంది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆమె పళ్ళెంతో గేటు దాటగానే వాన పట్టుకుంది. కొంగు నెత్తిన వేసుకుని, పళ్ళెం మీదికి వంగి తింటోంది. నేను గుమ్మంలో నిలబడి లోపలికి రమ్మని పిలిచాను. వరండాలో కూర్చుంటే ఏమీ కాదు, వానకు మినహాయింపు ఉంటుందని చెప్పాను.

"వానొచ్చినాదని ఆసారం కరిగిపోద్దేటండి?" అంది నోట్లో ముద్దతోనే.

గొడుగు తీసుకుని గేటు దాకా వెళ్ళాను. మా స్తంభం లోపల నిలబడి చెయ్యి చాచి పట్టాను. అందలేదు. ఆమె భుజం తడుస్తోంది. ఒక అడుగు అవతలికి వేసి, మునిసిపాలిటీ జాగాలో ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె తొందరపడలేదు. నన్ను నిలబెట్టానన్న కంగారు కూడా పడలేదు. ఎండుచేపల పులుసు కలుపుకుని, ముల్లు తీసి పక్కన పెట్టుకుంటూ, ఎప్పుడూ తినేంతసేపే తిన్నది. అంత దగ్గర నుంచి ఆ వాసన నాకు అదే మొదటిసారి. కోపం తెచ్చుకునేంత వాసనేం కాదు. ఆ రోజు నుంచి గొడుగును గేటు పక్క మేకుకే తగిలించి ఉంచాను. కాన్పు వరకు ఇంకా పద్దెనిమిది సార్లు అవసరపడింది.

తొంభై ఎనిమిదో గడి కొట్టేసిన రోజున మా ఊరి మీదికి కెరటం వచ్చింది. ఆటలో ఆపదలు అనే మీట ఒకటి ఉందని, అది నొక్కి ఉందని మాకెవరికీ తెలియదు. ముందు నీరు వెనక్కి వెళ్ళింది. తరవాత తెరంతా నీలం. తేరుకుని చూస్తే ఇసుక మాత్రమే కాదు, దాని వెనక మూడు వీధులు కూడా లేవు. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఎనిమిది గళ్ళు వదలమన్నారు, వదిలాను, ఏం లాభం అని ఆమె మీదే పడ్డాను. ఆట మీద పడ్డ కోపం కాదది. ఇంకా పద్నాలుగు గళ్ళు మిగిలి ఉన్నాయి నోటుపుస్తకంలో. మేము చెయ్యాల్సినవన్నీ చేస్తున్నాం. అన్నీ చేసినా సరిపోకపోతే అన్న భయం నన్ను రోజూ తొలుస్తోంది.

ఆమె నా మాటలకు నొచ్చుకోలేదు.

"నాను కెరటం కోసం ఒగ్గమననేదండి. పడవల కోసం ఒగ్గమన్నాను. కెరటానికి ఎనభై గళ్ళైనా సాలవు."

కాసేపు కూతురి పాదాలు రాసింది. పిల్ల నిద్రపోయిందని చూసుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"మా ఆయన ఎల్లిన పడవ మూడో రోజున ఒడ్డుకొచ్చినాది. ఆయన రానేదు. అయినా ఆ పడవని లాగి ఎట్టాల కదండి. వచ్చినదానికి సోటుండాల."

ఆమె భర్త సముద్రంలో పోయాడని నాకు పెళ్ళినాటి నుంచీ తెలుసు. ఎలా పోయాడని ఒక్కనాడూ అడగలేదు. మౌస్ పట్టుకుని ఊరు మళ్ళీ కట్టడం మొదలుపెట్టాను. ముందు నీళ్ళు, తరవాత వీధులు. ఒడ్డున ఎనిమిది గళ్ళు ఆమె చెప్పకుండానే వదిలాను. వదులుతూ, మా గేటు బయట ఉన్న రెండడుగుల రాయి గుర్తొచ్చింది. మా ఇంటికి వచ్చిన మనిషికి నేను చూపించిన చోటు అంత.

నూట ఆరో రోజు పొద్దున నొప్పులు మొదలయ్యాయి. ఆరు గళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి. ఆసుపత్రి వరండాలో మధ్యాహ్నం వరకు ఆమే నేనూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆమె పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, నేనూ ముట్టలేదు. రెండుంపావుకు ఆడపిల్ల. రెండు కిలోల మూడు వందలు. చిన్నదే కానీ గొంతు పెద్దది. ఆ ఏడుపు వినగానే ఆమె లేచి నిలబడి, గోడకు తిరిగి, కొంగుతో మొహం కప్పుకుంది. నేను టైము రాసుకున్నాను. ఆ అంకెలు ఇప్పటికీ ఆ పేజీలో వంకర్లు పోయే ఉన్నాయి.

సాయంత్రం మా అబ్బాయిని ఆసుపత్రిలో ఉంచి, నన్ను ముందు ఇంటికి పంపారు. దారిలో కోనాం చేప కొన్నాను. జీవితంలో ఒక్కసారి కూడా నేనై కొనలేదు. దీపాలు పెట్టే వేళకు ఆమె స్నానానికని వచ్చింది. స్నానం చేసి, అలవాటు కొద్దీ పెరట్లోకి వెళ్ళి పొద్దుటి అన్నం పళ్ళెంలో పెట్టుకుని గేటు వైపు నడిచింది. నేను ముందు వెళ్ళి గేటు మూసి గొళ్ళెం పెట్టాను. ఆమె గొళ్ళేన్ని చూసింది, నన్ను చూసింది. మాటల్లో చెప్పడం నాకు ఎప్పుడూ సరిగ్గా రాదు. పళ్ళెం ఆమె చేతిలోంచి తీసుకుని లోపలికి నడిచాను. వంటింట్లో రెండు పీటలు వేసి ఉన్నాయి.

చేప ముక్క వేసుకుని, పులుసు కలుపుకుని, ఒక ముద్ద తిన్నది. రెండో ముద్ద తిన్నది. మూడోది నోట్లో పెట్టుకునే ముందు ఆగి, నా వైపు చూసి అంది.

"వదినా, సేప మంచిదే. దాని మీద నీకు కోపమేటి, అలాగుడికించీసినావు?"

అదే మొదటిసారి వదినా అనడం, నువ్వు అనడం. నాకు పట్టరాని నవ్వు వచ్చింది. నేను అంతగా నవ్వగా ఆమె ఎప్పుడూ చూడలేదు కాబట్టి కొంచెం భయపడింది కూడా. కోపంగా ఉడికించిన ఆ చేపతోనే మూడుసార్లు అన్నం వడ్డించుకుంది.

బిడ్డకు పేరు పెట్టాం. ఊరికి మాత్రం చుక్కే మిగిలింది. నిలిచింది కదా, ఇప్పుడు పెడదామా అని నేను అడిగితే, అలవాటైపోనాది, ఉండనీ వదినా అంది.

బిడ్డకు మూడో నెలలో ఆమె భావనపాడు వెళ్ళిపోయింది. వారానికోసారి ఫోన్ చేసేది. మనోళ్ళు ఎలాగున్నారు అనేది. మొదటిసారి నేను ఇంట్లో అందరి క్షేమం చెప్పబోయాను. వాళ్ళ సంగతి నాకెరికే, ఊళ్ళో జనం సంగతి సెప్పు అంది. ఆ ఆట ఆడేవాళ్ళు తయారు చేసి పంచుకునే బొమ్మల్లోంచి కోడలు పడవల్ని వెతికి తెచ్చింది. పదకొండు పడవలు ఇసుక మీద వరసగా పెట్టి, ఆమె మనవరాలిని చూడటానికి వచ్చినప్పుడు గొప్పగా చూపించాం. ఆమె మెచ్చుకుంటుందనుకున్నాను. పడవల మూతులన్నీ ఊరి కేసి ఉన్నాయేమిటని మందలించింది. ఒడ్డుకొచ్చిన పడవ అలాగే ఉంటుంది, నిజమే, కానీ చేపలు దింపాక దాన్ని తిప్పి పెట్టాలి. రేపు వెళ్ళవలసిన పడవ మూతి నీటి కేసి ఉండాలి. తిప్పకుండా వదిలేశారంటే ఆ ఇంటివాళ్ళు రేపు వేటకు వెళ్ళరని అర్థమట. పదకొండు పడవలనూ ఒక్కొక్కటే పట్టుకుని తిప్పించింది. చివరి పడవ తిప్పేవరకు టీ కూడా తాగలేదు.

వెళ్ళేటప్పుడు ప్రతిసారీ, మా ఇంటికొచ్చి ఒక పూట తిని ఎల్లు వదినా, అనేది. వస్తానులే అనేదాన్ని. ఒకసారి మనవరాలికి జలుబు, ఒకసారి నా మోకాలు. ఈ మూడేళ్ళలో రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ కొబ్బరిబొండం తాగి, చీకటి పడకముందే బస్సు అందుకోవాలని లేచిపోయాను. చేప ఉంది, ఒక్క ముద్ద తిను అని రెండోసారి బస్టాపు వరకు వచ్చి అంది. ఈసారి తప్పకుండా అన్నాను. నన్ను ఆపే ఆచారం కూడా ఏదీ లేదు నాకు.

ఆమె పోయిన రోజు మేము వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఒడ్డున పడవలన్నీ పొద్దున వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి. ఒక్కటీ తిప్పలేదు. మూతులన్నీ ఊరి కేసి, ఆమె ఇంటి కేసి ఉన్నాయి. ఎవరూ నాకు వివరించనక్కరలేకపోయింది. ఆమె ఆరబోసిన చేపల్ని ఎవరో తట్టకెత్తి నీడలో పెట్టారు. కోడలు ఆ తట్ట పక్కన కూలబడి ఏడుస్తుంటే, నేను పాదాల దగ్గర కూర్చుని ఆ పిల్ల అరికాళ్ళు రాశాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

పెద్దకర్మ రోజున వాళ్ళ ఇంటి వెనక ఇసుకలో వరసగా కూర్చోబెట్టి వడ్డించారు. నేనూ కూర్చున్నాను. నా నోటుపుస్తకంలో ఉన్న లెక్క ఇది. రాతిపలక మీద కూర్చున్న మొదటి రోజు నుంచి కాన్పు రోజు దాకా నూట ఆరు రోజులు. దాన్లో ఒక రోజు పిల్లకు నొప్పులనిపించి హడలిపోయి అసలే తినలేదు, కాన్పు నాడు పగలంతా తినలేదు, రాత్రి నా వంటింట్లోనే తిన్నది. తక్కిన నూట నాలుగు రోజులు, రెండు పూటల చొప్పున, రెండు వందల ఎనిమిది పూటలు మా హద్దు అవతల రాయి మీద కూర్చుని తిన్నది. నేను ఆమె ఇంట తిన్నది ఒక పూట, అది కూడా ఆమె లేని పూట. చేప సరిగ్గా ఉడికింది. ఆ మాట చెప్పడానికి ఆమె లేదు.

నిన్న మధ్యాహ్నం, మనవరాలు నిద్రపోయాక, కంప్యూటర్ తీసి ఆ ఊరు చూశాను. జనం బాగానే ఉన్నారు. జ్వరాలు లేవు. సముద్రం, అదే, కాలవ, ఎప్పటిలాగే ఒకవైపు పోతోంది. ఎనిమిది గళ్ళ ఇసుక మీద పదకొండు పడవలు, మూతులు నీటి కేసి పెట్టుకుని ఉన్నాయి. వాటిలో చివరిదాన్ని పట్టుకుని నెమ్మదిగా తిప్పాను. మూతి ఊరి కేసి వచ్చింది. అలాగే వదిలేశాను. ఇసుక మీద దాని చుట్టూ కావలసినంత చోటు ఉంది.